మళ్ళీ పడగొట్టి చూసే బల్ల

మన వృత్తిలో అన్నిటికంటే విసిగించే బగ్ ఏది? కస్టమర్ దగ్గర వస్తుంది, మన మెషీన్ మీద ఎంత తంటాలు పడ్డా రాదు. రెండేళ్ళ కిందట నా ఒంట్లోనే అలాంటిదొకటి బయటపడింది. న్యూజెర్సీ ఆఫీసులో మీటింగులో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి పడిపోయాను. నెల తిరక్కుండా గుడి క్యూలో మరోసారి. ఇ.సి.జి., గుండె స్కాను, రక్తపరీక్షలు అన్నీ నార్మల్! మా ఆవిడ కారు తాళాలు దాచేసింది.

అప్పుడు చేశారు టిల్ట్ టేబుల్ టెస్టు. 1986లో లండన్ వైద్యులు లాన్సెట్ పత్రికలో వివరించిన పద్ధతి ఇది. మనల్ని బల్ల మీద పడుకోబెట్టి, బెల్టులు కట్టి, తలవైపు 60-70 డిగ్రీలు పైకి లేపుతారు. అర లీటరు పైగా రక్తం కిందికి దిగుతుంది. శరీరం దాన్నెలా సర్దుకుంటోందో బీపీ, గుండె వేగం చూసి తెలుసుకుంటారు. ఏమీ జరక్కపోతే నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇచ్చి మరికాసేపు చూస్తారు. నాకా అవసరం రాలేదు. 22వ నిమిషంలో చెమటలు, వికారం, ఆపైన బీపీ, గుండె వేగం రెండూ పడిపోయాయి. బల్ల దించగానే తెలివొచ్చింది. వేసోవేగల్ సింకపీ అన్నారు.

బగ్ దొరికిందని నేను సంబరపడుతుంటే డాక్టరుగారు, "గుళ్ళో కూడా ఇలాగే అయిందా?" అని అడిగారు. నాకేం గుర్తుంది! మా ఆవిడే చెప్పింది: ముందు ఆవులింతలు, ముఖం పాలిపోవడం, చెమటలు, పడుకోబెట్టిన నిమిషంలోపే తెలివి రావడం.

ఆ ప్రశ్న ఎందుకంటే, ఏ జబ్బూ లేనివాళ్ళు కూడా కొందరు ఆ బల్ల మీద పడిపోతారు. నిజంగా జబ్బున్నవాళ్ళు కొందరు పడిపోరు. అందుకే నా అభిప్రాయం: బల్ల కంటే ముఖ్యం చూసినవాళ్ళ సాక్ష్యం. లాగ్ లేకుండా డీబగ్ చేయమంటే మనం ఒప్పుకుంటామా? మనవాళ్ళేమో ఉల్లిపాయ వాసన చూపించి, "నీరసం" అని సరిపెట్టేస్తారు. అలా కాకుండా ఎప్పుడు, ఏ భంగిమలో, ముందేమనిపించింది, ఎంతసేపు అన్నవి అప్పుడే రాసిపెట్టండి.

ఒక్క హెచ్చరిక. పరుగులో ఉండగానో, పడుకుని ఉండగానో స్పృహ తప్పినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, ఈ బల్ల కోసం ఆగకండి. వెంటనే గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు నీళ్ళు బాగా తాగుతున్నాను. కళ్ళు మసకబారితే మొహమాటపడకుండా కూర్చుంటున్నాను. డాక్టరుగారు సరేనన్నాక కారు తాళాలు కూడా తిరిగొచ్చాయి!