పిల్లలు ఈదీకి బయలుదేరే వేళ

హిందూపురం నుండి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. గత రంజాన్ పండుగ నాడు ఆమె ఏడేళ్ళ కుమారుడూ పదకొండేళ్ళ కుమార్తే బంధువుల ఇళ్ళకు వెళ్ళి సలాం చెప్పి ఈదీ తెచ్చుకుంటామని అసర్ నమాజు తరువాత బయలుదేరారట. ఇషా దాటిన తరువాత గాని ఇల్లు చేరలేదట. తల్లి మందలించబోతే, "పండుగపూట కూడా పిల్లలను కట్టివేస్తావా అమ్మా" అని అత్తగారు అడ్డుపడ్డారట. అదే ఉత్తరంలో మరొక మాట ఉన్నది. అమెరికాలో స్థిరపడిన ఆమె తమ్ముడి వీధిలో అక్టోబరు 31న పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ వెళ్ళి మిఠాయిలు అడుగుతారు. అక్కడ ఏ గంట నుండి ఏ గంట వరకు తిరగవచ్చునో ఊరి పాలకులే ముందుగా ప్రకటిస్తారట. "మన పిల్లలకు ఆ వేళ ఎవరు చెప్పాలి?" అని ఆమె ప్రశ్న.

హాలోవీన్ అనే ఆ వేడుకలో ముస్లిం పిల్లలు పాల్గొనవచ్చునా అన్నది వేరు చర్చ. అక్కడ నివసించే మన కుటుంబాలకు అది నిజమైన ప్రశ్నే గనుక మరొక నెలలో దానిని విడిగా పరిశీలిస్తాము. ప్రస్తుతం వేళ సంగతి మాత్రమే చూద్దాము. అమెరికాలో అనేక పట్టణాలు సాయంత్రం ఆరు నుండి ఎనిమిది వరకు అన్నట్లుగా రెండు మూడు గంటలు నిర్ణయిస్తాయి. ఆ దేశంలో వేసవి కాలానికి గడియారాలను ఒక గంట ముందుకు జరిపి, శరత్కాలంలో తిరిగి వెనుకకు జరుపుతారు. పూర్వం ఈ వెనుకకు జరిపే పని అక్టోబరు చివరి ఆదివారం జరిగేది. అందుచేత 31వ తేదీ నాటికి చీకటి ఒక గంట ముందే పడేది. 2005లో చేసిన చట్టం ప్రకారం 2007 నుండి ఆ మార్పును నవంబరు మొదటి ఆదివారానికి జరిపారు. పిల్లలకు ఆ సాయంత్రం కొంత వెలుగు మిగిలింది.

అయినా ప్రమాదం తొలగిపోలేదు. 1975 నుండి 2016 వరకు 42 సంవత్సరాల రోడ్డు ప్రమాదాల లెక్కలను పరిశీలించిన వైద్య పరిశోధకులు, ఆ సాయంత్రం పాదచారులు మరణించే అవకాశం ముందు వారం, తరువాతి వారం అదే రోజులతో పోల్చితే 43 శాతం ఎక్కువగా ఉన్నదని తేల్చారు. నాలుగు నుండి ఎనిమిదేళ్ళ లోపు పసివారిలో ఆ అపాయం పది రెట్లు. అది మరీ ఎక్కువగా కనిపించినది సాయంత్రం ఆరు గంటల ప్రాంతంలో, అనగా చీకటి ముసురుకొనే వేళలోనే.

ఈ లెక్కలు చదివినప్పుడు మాకు వెంటనే స్ఫురించినది హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. చీకటి పడే వేళ పిల్లలను ఇంటిలోనే ఆపుకొనవలెననీ, షైతానులు వ్యాపించే సమయం అదేననీ, రాత్రిలో కొంత భాగం గడచిన పిదప వారిని విడువవచ్చుననీ దైవప్రవక్త (స) ఉపదేశించారు. తలుపులు అల్లాహ్ నామం స్మరించి మూయుట, పాత్రలపై మూతలు ఉంచుట, దీపాలు ఆర్పుట కూడా ఆ ఉపదేశంలోనే ఉన్నవి. ముస్లిం గ్రంథంలోని మరొక ఉల్లేఖనంలో పిల్లలతో పాటు పశువుల ప్రస్తావన కూడా ఉన్నది. సందె వేళ మందను కొట్టంలోకి తోలుకొనే మన సీమ రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

హదీసుకు అమెరికా లెక్కలు రుజువు కావలెనని మేము అనడం లేదు. విశ్వాసికి ప్రవక్త (స) మాట చాలును. కాని ఆ ఉపదేశంలోని రెండు అంశాలను మన ఇళ్ళలో సగం సగంగానే గుర్తుంచుకుంటున్నాము. కొందరు పెద్దలు దానిని రాత్రంతా నిషేధంగా చెప్పి పిల్లలను భయపెడతారు. కొందరు అసలే పట్టించుకొనరు. ఆపవలసినది సందె చీకటి ముసిరే కొద్ది సమయం మాత్రమే. అరబీలో "సాఅత్" అన్న పదం ఇక్కడ గడియారపు అరవై నిమిషాలను కాక కొంత వ్యవధిని సూచిస్తుంది. ఆ వ్యవధి గడిచాక తండ్రి వెంట తరావీహ్ నమాజుకు వెళ్ళే బాలుడిని ఈ హదీసు చూపి ఆపనక్కరలేదు. అత్తగారి మాటకు ఇదే సమాధానమని ఆ సోదరికి మా మనవి: పిల్లలను కట్టివేయడం కాదు, సూర్యుడు అస్తమించే సమయానికి ఇంటికి పిలుచుకోవడం. పెద్దామెకు ఈ హదీసును గౌరవంగా చదివి వినిపించండి. వాదం పెంచకండి.

మన మూడు ఊళ్ళలో ఆ వేళ ఎలా ఉంటుందో చూడండి. హిందూపురంలో అంగళ్ళ ముందు బండ్లూ ఆటోలూ కిక్కిరిసే సమయం అదే. పెనుకొండ ప్రక్కగా బెంగళూరు–హైదరాబాదు 44వ జాతీయ రహదారి సాగుతుంది. 2019లో ఎర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టిన తరువాత ఆ దారిలో పనివారి బస్సులు, సరకు లారీలు పెరిగాయి. ధర్మవరం రైల్వే జంక్షన్ గనుక స్టేషను దారి ఎప్పుడూ సందడే. పడమటి ఎండ కంటికి కొడుతూ ఉంటుంది. కొన్ని బండ్లకు దీపాలు వెలిగించి ఉంటాయి, కొన్నింటికి ఉండవు. పెద్దలకే దూరం అంచనా తప్పే వేళ అది. ఏడేళ్ళ వాడి చూపు అంతా గుప్పిటలోని కొత్త నోట్ల మీదనే ఉంటుంది గదా!

మరి ఏ వేళకు పంపవలెను? మా అభిప్రాయంలో రంజాన్ పండుగ నాడు అన్నింటికన్న మంచి వేళ ఈద్గా నుండి తిరిగివచ్చే ఉదయం. ప్రవక్త (స) ఈద్ నమాజుకు ఒక దారిన వెళ్ళి మరొక దారిన తిరిగివచ్చేవారని బుఖారీలో ఉన్నది. ఈ సున్నత్‌ను మన కుటుంబాలు ఎంత అందంగా వాడుకోవచ్చునో ఆలోచించండి. వచ్చే దారిలో నానీ ఇల్లు, ఖాలా ఇల్లు పడేటట్లు చూసుకుంటే తండ్రి చేయి పట్టుకొనే పిల్లలు సగం ఇళ్ళు తిరిగివేస్తారు. బట్టలు నలగవు, ఎండ ముదరదు, షీర్ ఖుర్మా వేడిగా ఉంటుంది. ఫిత్రా దానం కూడా ఈద్ నమాజుకు ముందే ఇచ్చివేయవలెనన్న ఆదేశం ఇక్కడ జ్ఞాపకం చేసుకోవలసినదే. అది ముందు రాత్రే చేరితే పేదవాని ఇంట కూడా ఉదయం పొయ్యి వెలుగుతుంది. వాని పిల్లలు కూడా కడుపు నిండి, మన పిల్లలతో పాటు సలాం చెప్పడానికే వస్తారు. ఆ ఇంటి పిల్లవాడు సాయంత్రం దాకా గుమ్మాల వెంట తిరుగుతున్నాడంటే లోపం వాని పెంపకంలో వెదకరాదు. మన ఫిత్రా ఎప్పుడు చేరిందో చూసుకోవలెను.

ఈదీ గురించి ఒక మాట. అది పెద్దలు సంతోషంతో ఇచ్చేది. సలాం చెప్పి చేయి చాచి నిలబడే అలవాటు ఈ మధ్య కొన్ని వీధులలో కనబడుతున్నది. పీర్ల పండుగ రాత్రులలో పులివేషాలు వేసి ఇంటింటా చిల్లర అడిగే ఆచారం మన సీమలో పాతదే. దానిని మనం ధర్మం కాదంటాము గదా, అదే తీరును ఈద్ రోజున మన పిల్లలకు అలవాటు చేయరాదు.

మధ్యాహ్నం గురించి దివ్య ఖుర్ఆన్‌లోనే మార్గదర్శనం ఉన్నది. నూర్ సూరా 58వ ఆయత్‌లో మూడు సమయాలు చెప్పబడ్డాయి: ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించి విశ్రమించే వేళ, ఇషా నమాజు తరువాత. ఇంకా యుక్తవయసు రాని సొంత ఇంటి పిల్లలు సైతం ఈ మూడు వేళలలో అనుమతి అడిగే లోపలికి రావలెనని ఆదేశం. సొంత ఇంటి పిల్లలకే ఈ నియమం ఉండగా పొరుగింటి పిల్లలు ఆ వేళలలో గుమ్మం తట్టడం ఎంతవరకు తగునో తల్లిదండ్రులే ఆలోచించవలెను. తెల్లవారుజామునుండి వంటింట్లో నిలబడిన గృహిణి జుహర్ తరువాత గాని నడుము వాల్చదు. అదే సూరా 27, 28 ఆయత్‌లలో పరుల ఇంటికి వెళ్ళినప్పుడు సలాం చెప్పి అనుమతి కోరవలెననీ, తిరిగి వెళ్ళమంటే వెళ్ళవలెననీ ఉన్నది. ఈ "తిరిగి వెళ్ళడం" పిల్లలకు ముందుగానే నేర్పవలసిన విషయం. లేకుంటే వారు దానిని అవమానంగా భావించి ఏడుస్తారు.

ధర్మవరం సోదరులకు ఇది మరింత బాగా తెలుసు. పట్టు మగ్గం ఆడే ఇంటిలో ముందుగదిలోనే మగ్గం ఉంటుంది. ఈద్ నాడు మన ఇంట సెలవు గాని, షీర్ ఖుర్మా గిన్నె పట్టుకొని మన పిల్లవాడు వెళ్ళే పొరుగింట ఆ రోజు కూడా నేత సాగుతూనే ఉండవచ్చును. గడప దగ్గర నిలబడి పిలవకుండా లోపలికి పరుగెత్తితే ఏ పోగు తెగుతుందో! దానిని వెదకి అతకడానికి ఎంత సమయం పడుతుందో నేతగాని కుటుంబాన్ని అడగండి. ఖుర్ఆన్ నేర్పిన అనుమతి మర్యాద ఆ పొరుగు హిందూ సోదరుని గడప ముందు కూడా వర్తిస్తుంది. పైగా పండుగ ఎండాకాలంలో వచ్చినప్పుడు మధ్యాహ్నపు వీధులు పిల్లలు తిరగదగినవి కావు. 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న ఈద్ జరుపుకున్నాము. అనంత సీమలో ఆ రోజుల ఎండ ఎటువంటిదో చెప్పనక్కరలేదు.

ఉదయం తిరగని ఇళ్ళు మిగిలితే అసర్ నుండి మగ్రిబ్ అజాన్‌కు ముందు వరకు మంచి సమయం. గడియారం చూసి "ఆరున్నరకు రండి" అని పిల్లలకు చెప్పే అలవాటును మాత్రం మేము సమర్థించము. మన ప్రాంతంలో సూర్యాస్తమయం మార్చి నెలాఖరులో సుమారు 6.30కు, జూన్ మొదట్లో సుమారు 6.45కు, నవంబరు నెలాఖరులో 5.50 ప్రాంతంలో జరుగుతుంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు తక్కువ గనుక పండుగ ఏటేటా వెనుకకు జరుగుతుంది. 2030 నాటికి రంజాన్ పండుగ ఫిబ్రవరికి చేరుతుంది. ఆ తరువాత చలికాలపు పొట్టి పగళ్ళు వస్తాయి. అందుచేత "అసర్ తరువాత నాలుగిళ్ళు, అజాన్‌కు ముందు ఇంటికి" అని చెప్పండి. ఆ లెక్క ఏ ఋతువులోనైనా సరిపోతుంది. వినికిడి అందని దూరానికి పంపినట్లయితే వెంట పెద్దవారు ఉండవలెను.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. నెలవంకను చూసే సమయం సరిగ్గా మగ్రిబే! ఆ ఆనందాన్ని పిల్లలకు దూరం చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. ప్రవక్త (స) కూడా నెలవంకను చూసే వ్రతం ఆరంభించమనీ ముగించమనీ చెప్పారు. పిల్లలను వీధిలోకి గాక మిద్దెపైకి తీసుకొని వెళ్ళండి. కాని పెనుకొండ, హిందూపురం పాత ఇళ్ళలో పిట్టగోడలేని మిద్దెలు ఇంకా ఉన్నాయి. పడమటి ఆకాశం చూస్తూ వెనుకకు అడుగులు వేసే పిల్లవాని చేయి ఎవరో ఒకరు పట్టుకొని ఉండవలెను. చాంద్ రాత్ బజారుకు పిల్లలను తీసుకొని వెళ్ళదలచితే ఇషా తరువాత పెద్దల వెంట వెళ్ళవచ్చును. అర్ధరాత్రి వరకు గాజుల అంగడి ముందు నిలబెట్టిన పసిబిడ్డ ఉదయం ఈద్గాలో నిద్రపోతే మాత్రం ఆ బిడ్డను కసరకండి.

బక్రీద్ నాటి సంగతి వేరు. ఆ రోజు ఉదయం ఇంటింటా ఖుర్బానీ పని. పసివారు ఆ సమయంలో కత్తుల మధ్య, రక్తపు తడి నేలపై తిరగడం మంచిది కాదు. సలాములకు అసర్ తరువాత పంపండి. కాని ఆ రోజు పిల్లలకు అప్పగించే మరొక పని ఉన్నది. బంధువులకు, పేదలకు మాంసం పంచి రావడం. దానిని మధ్యాహ్నానికి ముందే ముగించవలెను. జూన్ ఎండకు మాంసం నిలవదు, అది ఒక కారణం. రెండవది, సంచి వాసన పట్టి వీధికుక్కలు పిల్లల వెంట పడతాయి. సందె వేళ అవి గుంపులు కడతాయి. పదేళ్ళలోపు పిల్లల చేతికి మాంసం సంచి ఇచ్చి ఒంటరిగా పంపరాదన్నది మా దృఢాభిప్రాయం. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, ఇద్దరిని కలిపి, సైకిలు మీద పెద్దవాడిని వెంట పంపండి.

సోదరి ఉత్తరం చివర తన పదకొండేళ్ళ కుమార్తె గురించి ప్రత్యేకంగా అడిగారు. స్నేహితురాళ్ళతో కలిసి ఇషా తరువాత మిగిలిన ఇళ్ళకు వెళతానని ఆ అమ్మాయి పట్టుపడుతున్నదట. ఆ వేళ ఇతరుల ఇళ్ళకు వెళ్ళే వేళ కాదని నూర్ సూరా ఆయత్ చూపించి చెప్పవచ్చును. కాని అంతటితో ఆపితే ఆ అమ్మాయికి పండుగ మిగలదు. ఆ స్నేహితురాళ్ళను వారి తల్లులతో సహా ఆ రాత్రి మీ ఇంటికే పిలవండి. తమ్ముడిని ఇషాకు మసీదుకు తీసుకొని వెళ్ళే బాధ్యత తండ్రికి అప్పగించి, ఆ గంట ఇల్లు వారికి విడిచిపెట్టండి.