మెహందీయా, నెయిల్ పాలిషా?

షాబాన్ నెలవంక కనబడిందో లేదో మన ఇళ్లలో సున్నాలూ రంగులూ మొదలవుతాయి. గోడలకు వేయండి, నాకేం ఎతరాజ్ లేదు. కానీ డబ్బాలో కాస్త మిగిలింది కదా అని, ఆ చేత్తోనే దాలాన్‌లో ఉన్న సాగ్వాన్ తఖ్త్‌కు కూడా ఎనామిల్ పులిమేస్తున్నారు చూడండి, నా షికాయత్ అంతా దాని మీదే.

తఖ్త్ అంటే మామూలు సామానా? అమ్మీ జానిమాజ్ పరిచేది దాని మీద. పాందాన్ తెరిచేది దాని మీద. మగ్రిబ్ తర్వాత పిల్లలు సిపారా ముందు పెట్టుకుని ఊగేదీ దాని మీదే. దాలాన్ ఒక పక్క సహన్‌కు తెరిచి ఉంటుంది కాబట్టి ఎండా తగులుతుంది, జల్లూ తగులుతుంది. పైగా రోజూ అయిదు పూటలా వజూ చేసి తడికాళ్లతో వచ్చి దాని మీదే కూర్చుంటాం.

ఇలాంటి చెక్కకు పైన పొర కట్టే రంగు పనికిరాదు. ఎందుకో మన ఆడవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మెహందీ పెట్టుకున్న చేతికి వజూ అవుతుంది, నెయిల్ పాలిష్ వేసుకున్న గోటికి అవదు. మెహందీ చర్మంలోకి ఇంకుతుంది. నెయిల్ పాలిష్ గోటి మీద పొరై కూర్చుని నీళ్లను ఆపేస్తుంది. పెయింటు షాపులో ఉడ్ స్టెయిన్ అని అమ్మేది మెహందీ లాంటిది. ఎనామిల్, వార్నిష్ రెండూ నెయిల్ పాలిష్ బాపతు. (ఇది పోలికే, ఫత్వా కాదు. ఎవరూ తఖ్త్‌కు వజూ చేయించకండి.)

నీళ్లు ఆగితే మంచిదేగా అంటారా? గోరు కదలదు, చెక్క కదులుతుంది. వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది, అదీ పొడవునా కాదు, ఎక్కువగా అడ్డంగా. పైనున్న పొర దానితోపాటు సాగలేక పలకలు కలిసే చోట సన్నగా చీలుతుంది. ఆ చీలికలోంచి నీళ్లు లోపలికి దిగుతాయి కానీ పొర అడ్డం ఉంది కాబట్టి తొందరగా ఆరవు. పైకి చమక్‌గా కనిపిస్తూనే లోపల కుళ్లుతుంది. అప్పుడు మిస్త్రీ వచ్చి వేలితో నొక్కి, "ఖతం భాయ్, కబాడీకి ఇచ్చేయండి, ప్లైవుడ్‌తో కొత్తది చేసిస్తా" అంటాడు. నానా కాలం నాటి సాగ్వాన్ కిలోల లెక్కన పోతుంది. వలీమాలో పారేసిన బిర్యానీని చూసి ఇస్రాఫ్ అని బాధపడేవాళ్లం, దీన్ని మాత్రం ఇస్రాఫ్ అనుకోం.

మరేం వేయాలి? అవిసె నూనె, పెద్దవాళ్లు అల్సీ కా తేల్ అనేవారే, అది. పెయింటు షాపులో డబుల్ బాయిల్డ్ అని అడగండి, పచ్చిదైతే ఆరడానికి రోజులకు రోజులు పడుతుంది. మొదటి పూతకు సగానికి సగం టర్పెంటైన్ కలిపితే లోతుగా ఇంకుతుంది. గుడ్డతో రాసి, పావుగంట ఆగి, ఇంకా పైన మిగిలిన నూనెను శుభ్రంగా తుడిచేయాలి. మనవాళ్లు చేయనిది ఈ తుడవడమే. ఎక్కువ నూనె ఎక్కువ బరకత్ అనుకుంటారు, అది జిడ్డై దుమ్ము పట్టి నల్లబడుతుంది. వంటింట్లో వేరుశనగ నూనె ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. అది ఎన్నాళ్లకూ ఆరదు, దాని మీద కూర్చున్న సల్వార్ సంగతి తర్వాత మీరే చూసుకోవాలి. ఎండ సూటిగా పడే చోటైతే రంగు కలిసిన స్టెయినే మేలు, ఎండను చాలావరకు అడ్డుకునేది ఆ రంగే. రెండింటిలో ఏది వేసినా, మళ్లీ వేయాల్సి వచ్చినప్పుడు పాతది గీకే పని లేదు. కడిగి, ఆరనిచ్చి, మళ్లీ రాసుకోవడమే.

నూనె రాసిన గుడ్డల్ని మాత్రం ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఆ ఉండ దానంతట అదే అంటుకోగలదు. విప్పి బయట ఆరేయండి, లేదా నీళ్ల బకెట్‌లో ముంచండి.

పైన ఎంత రాసినా పాయలు మరిచిపోతే అంతా బేకార్. తఖ్త్ మొదట పాడయ్యేది పాయల కిందే. చెక్కను అడ్డంగా కోసిన చోట గడ్డిపుల్లల కట్టలా ఉంటుంది, నీళ్లను పీల్చేస్తుంది. ఇప్పుడు కిందంతా టైల్స్, తడిగుడ్డ పెట్టిన నీళ్లు పోయి పాయ కిందే నిలుస్తాయి. నాలుగు స్టీలు పళ్లాల్లో వేలెడు లోతున నూనె పోసి పాయల్ని రాత్రంతా అందులో నిలబెట్టండి. తర్వాత ఒక్కోదాని కింద రబ్బరు ముక్క పెట్టండి.

ఇప్పటికే ఎనామిల్ ఉన్నవాళ్లు గీకాలనుకుంటే జాగ్రత్త. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన రంగులో చాలా ఎక్కువే ఉండొచ్చు. పొడిగా సాండ్‌పేపర్ కొడితే ఆ దుమ్ము పిల్లల కడుపులోకి పోతుంది. తడిపి, వాటర్ పేపర్‌తో రుద్దండి. ఆ రెండు రోజులు పిల్లల్ని ఖాలా ఇంటికి పంపేయండి. చెక్క పూర్తిగా ఆరాకే నూనె.

ఎప్పుడు చేయాలంటే, రంజాన్‌తో ముడిపెట్టకండి. చాంద్ లెక్క ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2030లోనైతే రంజాన్ జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి మొదలవుతుంది. చెక్కకు కావాల్సింది వానల లెక్క. మే నెలలో, నీడలో, వానలకు ముందే కానివ్వాలి.

ఇంటి తఖ్త్ గురించైతే అమ్మీ అయినా అడుగుతుంది. మయ్యత్‌కు గుస్ల్ ఇచ్చే తఖ్తా గురించి ఎవరు అడుగుతారు? స్టీలుది వచ్చిన చోట సరే. చెక్కదే ఉన్న ఒక మస్జిద్‌లో చూశాను, వెనక గోడకు ఆనించి, డోలా పక్కన, వానకు తడుస్తూ ఉంది. అంచులు పేళ్లు లేచాయి. లోపల ఏ.సీ.లకు చందా పుస్తకం తిరుగుతోంది. మన అబ్బాలను, మన నానీలను చివరిసారి పడుకోబెట్టేది అలాంటి చెక్క మీదే. ఇంటి తఖ్త్‌కు నూనె కొనేటప్పుడు ఒక లీటరు ఎక్కువ తీసుకోండి, ఇద్దరు కుర్రాళ్లు ఒక ఆదివారం ఇస్తే చాలు. ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి ముందుగా ఇమామ్ సాబ్‌కు ఒక మాట చెప్పండి, ఆలోపు అవసరం పడితే పక్క మస్జిద్ నుంచి తెప్పించుకుంటారు.