చెరువు మట్టి మళ్లీ పొలానికే రావాలె



మన బడిలో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దిక్కుల నుంచి వచ్చినవాళ్లమే ఎక్కువ. అందరి ఊళ్లలో వరి పొలాలే. అందుకని ఈసారి చెరువు గురించి నా అభిప్రాయం రాస్తున్నాను. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు, తప్పులుంటే మన్నించండి.

మా తండా మిర్యాలగూడ దగ్గర. 1967లో సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు వదిలినంకనే మా దిక్కు వరి బాగా పెరిగిందని తాత చెప్తాడు. కాల్వ నీళ్లు మడి నుంచి మడికి పారి, మిగిలినవి చెరువులో పడతాయి. ఆ నీళ్లు ఒట్టిగ పోవు. బాపు యూరియా చల్లినంక వాన పడితే మడి నీళ్లు ఇడిచిపెడ్తడు, ఎరువు గూడ వాటితోనే పోతది. యూరియా బస్తా 45 కిలోలు. అందులో నత్రజని 20 కిలోల పైనే. వరి పైరు దాంట్ల సగం గూడ తీసుకోదని సైన్సు సారు చెప్పిండు. కొంత గాలిల కలుస్తది, కొంత నీళ్లలో పోతది. డి.ఏ.పి.లో ఉండే భాస్వరం మట్టిని పట్టుకొని ఉంటది. మట్టి కొట్టుకపోతే అది కూడా చెరువుకే.

మరి చెరువుకు ఎరువు వేస్తే ఏం పెరుగుతది? నాచు, గుర్రపు డెక్క! ఎండకాలం ముందు మా చెరువు ఆకుపచ్చ రంగు కలిపినట్టు ఉంటది. బర్రెలు మూతి పెట్టి తల తిప్పుకుంటయి. "నీళ్లు పచ్చగుంటే చేపలు బలుస్తయి బేటీ" అంటాడు తాత. కొంచెం నాచు ఉంటే అది నిజమే. ఎక్కువైతే రాత్రి పూట నాచే ఆక్సిజన్ వాడుకుంటది, చచ్చిన నాచు కుళ్లేటప్పుడు ఇంకా ఖర్చయితది. తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోరు తెరుస్తయి. పోయినేడు నేను కళ్లారా చూసిన.

ఇట్ల పోయిన సారాన్ని వెనక్కి తెచ్చుకున్నవాళ్లు మెక్సికో దేశంలో ఉన్నారని సోషల్ టీచర్ చెప్పింది. సోచిమిల్కో అనే చోట చెరువులోనే మట్టి పోసి ఎత్తు మడులు కట్టి, మధ్యన కాల్వలు ఉంచుకున్నారు. వాటి పేరు చినంపాలు. స్పెయిన్ వాళ్లు రాకముందే ఉన్నాయి. కట్టింది మనలాంటి ఆదివాసులే! మడిలోంచి కాల్వలోకి దిగిన సారం బురదలో చేరితే, ఆ బురదను, నీటి మొక్కలను తీసి మళ్లీ మడి మీదనే వేసేవాళ్లు. గట్ల మీది చెట్లు మట్టిని జారనియ్యవు. ఇప్పుడు నగరం మురుగు, మందులు కలిసి ఆ కాల్వలు గూడ పాడైనాయి. కాల్వ తవ్వి ఊరుకుంటే సరిపోదన్నమాట, బురద ఎత్తుతూనే ఉండాలె.

మనకు ఇది కొత్తా? తాత ఎడ్లబండి మీద చెరువు మట్టి తోలేవాడట. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు గూడ రైతులు పూడిక మట్టి తోలుకున్నారు. ఒక్కసారి తోలి ఆపితే ఎట్ల? మట్టి తోలిన పొలానికి యూరియా తగ్గించాలె, లేకుంటే తోలి ఏం లాభం. చల్లినంక వారం దాక మడి నీళ్లు బయటికి ఇడువొద్దు. శిఖం అంచున గడ్డిని దున్నకుండ ఉంచాలె, ఆ గడ్డి కొంత ఎరువును ఆపుతది. మూసీ కాల్వల కింది సూర్యాపేట దిక్కు అక్కచెల్లెళ్లకు మాత్రం ఒక మాట. ఆ నీళ్లలో హైదరాబాదు మురుగు వస్తది గనక మట్టిని పరీక్ష చేయించినంకనే తోలించండి.

దసరా సెలవుల్లో ఇదంతా బాపుకు చెప్పిన. "పంట తగ్గితే అప్పు నువ్వు కడ్తవా?" అన్నడు. నాకు జవాబు రాలే. మా యాడి పక్కనుంచి "పిల్ల చెప్పింది ఒక్క మడిల చేసి చూడు" అన్నది. ఎండకాలం చెరువు ఎండినంక ఒక్క మడికి మట్టి తోలుతనన్నడు. మిగతా పొలంల యూరియానే.

– 9వ తరగతి విద్యార్థిని