రెండు నాలుకలు కాదు, రెండు భాషలు

బ్యాంకులో అప్పుకు దరఖాస్తు పెట్టుకునేవారిని మేము చాలా ప్రశ్నలు అడుగుతాం. పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, ఆస్తి, జామీను. ఆ కాగితమంతా నింపినా ఎదుట కూర్చున్న మనిషి ఎవరో మాకు పూర్తిగా తెలియదు. మనస్తత్వశాస్త్రం చదివేవారు మాత్రం ఒకే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. పైన ‘నేనెవరు?’ అని రాసి, కింద ఇరవై గీతలు గీసి, ఇరవై జవాబులు రాయమంటారు. 1954లో అమెరికాలో మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు అయోవా విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఈ పరీక్ష పెట్టి, ఫలితాలు ప్రచురించారు. అరుణాచలంలో రమణ మహర్షి వేసుకోమన్నదీ ఈ ప్రశ్నే గాని, ఆయనకు కావలసింది జవాబుల జాబితా కాదు. వీరికి కావలసింది ఆ జాబితాయే.

మా చెల్లెలి కూతురు మైసూరులో సైకాలజీ ఎం.ఎస్సీ. చదువుతోంది. దసరా సెలవులకు కోయంబత్తూరు వచ్చినప్పుడు ఈ కాగితం నా చేతిలో పెట్టి, “ఎక్కువ ఆలోచించకుండా రాయండి మామా” అంది. బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళుగా వడ్డీలు లెక్క కట్టేవాణ్ణి, నాకీ శాస్త్రంతో ఏం పని? అయినా రాశాను. ఫలానావారి కొడుకును, ఇద్దరు పిల్లల తండ్రిని, బ్యాంకు ఉద్యోగిని, తెలుగువాణ్ణి, తమిళనాట పుట్టినవాణ్ణి... ఇలా ఏడో జవాబు దాకా నేను ఎవరికేమవుతానో, ఎక్కడివాణ్ణో చెప్పేవే. ఎనిమిదో గీతమీద గాని ‘కొంచెం కోపిష్టిని’ అన్న మాట పడలేదు. అమ్మాయి చూసి నవ్వి, “ముందు బంధుత్వాలు, తర్వాత మనిషి” అంది.

ఈ సంగతి మన పత్రికలో రాయడానికి కారణం వేరే ఉంది. నా మిత్రుడొకడు ఎనిమిది నెలలుగా తన కొడుకుతో మాటలు మానేశాడు. అబ్బాయికి పూణేలో ఉద్యోగం. ఒక మంచి సంబంధం వచ్చిందని తండ్రి ఫోను చేస్తే, “రెండేళ్ళు ఆగాలి, పైచదువు చదవాలి, ఇది నా జీవితం, నా నిర్ణయం” అని ఇంగ్లీషులో ఖండితంగా చెప్పాడు. ఆ రాత్రే వాళ్ళ అవ్వతో తెలుగులో మాట్లాడుతూ, “మీరంతా సరేననకుండా నేనేమీ చెయ్యను అవ్వా” అన్నాడు. రెండు మాటలూ తండ్రి చెవిన పడ్డాయి. “వీడు రెండు నాలుకలవాడు” అని తేల్చేశాడు. అంతే, ఇంట్లో ఒకరు భోజనం సరిగా చెయ్యరు, ఇంకొకరు ఫోను దగ్గరే కూర్చుంటారు.

ఇలాంటి సందర్భాల్లో ఆ విద్యార్థుల పరిశోధనలు మనకు కొంత పనికొస్తాయి. 1991లో హేజెల్ మార్కస్, షినోబు కితయామా అనే ఇద్దరు పండితులు ఒక వ్యాసం రాశారు. ఒకరు అమెరికా, ఇంకొకరు జపాను. వారు చెప్పినదాని సారాంశం ఇది. కొన్ని సమాజాల్లో ‘నేను’ అంటే చుట్టూ ప్రహరీ కట్టుకున్న ఇల్లు. తన ఇష్టాలు, తన తెలివి, తన గుణాలు అన్నీ ఆ గోడల లోపలే. మరికొన్ని సమాజాల్లో ‘నేను’ అంటే ఉమ్మడి మిద్దెలో ఒక గది. పక్క గదులతో కలిసిన గోడలే దానికీ గోడలు. ఈ పోలిక నాది, మాట వారిది. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని వారు అనలేదు.

వీటన్నిటికంటే నన్ను ఆకట్టుకున్నది మన పొరుగున మైసూరులో జరిగిన పని. జోన్ మిల్లర్ అనే అమెరికన్ పరిశోధకురాలు మైసూరులోని హిందువులను, అమెరికావారిని ఒకే కోరిక కోరింది. మీరెరిగినవారు చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పండి, అలా ఎందుకు చేశారో చెప్పండి అని. ఎనిమిదేళ్ళ పిల్లలు, పదకొండేళ్ళవారు, పదిహేనేళ్ళవారు, పెద్దలు అందరినీ అడిగింది. 1984లో ఫలితాలు ప్రచురించింది. అమెరికన్ పెద్దలు ఎక్కువగా మనిషి స్వభావాన్ని కారణంగా చూపించారు. మైసూరు పెద్దలు ఎక్కువగా పరిస్థితిని చూపించారు. అసలు విశేషం ఏమంటే, ఎనిమిదేళ్ళ పిల్లల్లో ఈ తేడా అంతగా లేదు. వయసుతోపాటు పెరిగింది. అంటే పుట్టుకతో వచ్చింది కాదు, పెద్దల మాటలు వింటూ నేర్చుకున్నదన్న మాట.

మైసూరువారు చెప్పిన సంఘటనల్లో ఒకటి నా మనసులో నాటుకుపోయింది. ఒక వకీలు మోటారు సైకిలు నడుపుతుంటే ప్రమాదం జరిగి, వెనక కూర్చున్న మనిషికి దెబ్బలు తగిలాయి. వకీలు అతన్ని ఆసుపత్రిలో చేర్చి, కోర్టు పనికి వెళ్ళిపోయాడు. తర్వాత అతను చనిపోయాడు. ఈ సంగతి వింటే ఒకరికి ‘బాధ్యత లేని మనిషి’ అనిపిస్తుంది. మరొకరికి ‘కక్షిదారుకోసం కోర్టుకు పోక తప్పదు, పైగా ఆ గాభరాలో దెబ్బ ఎంత పెద్దదో తెలిసి ఉండదు’ అనిపిస్తుంది.

బ్యాంకులో మాకిది రోజూ ఎదురయ్యేదే. వాయిదా కట్టని మనిషి ఎగవేతదారా, లేక ఆ ఏడు మగ్గం ఆగిపోయిందా? షోలాపూరులో మన పద్మశాలీలు, బరంపురంలో మన వర్తకులు, కోవైలో మిల్లు కార్మికులు – ఉద్యోగరీత్యా అందరికీ అప్పులిచ్చాను. స్వభావం ఒక్కటే చూస్తే మంచి ఖాతాదారును పోగొట్టుకుంటాం. పరిస్థితి ఒక్కటే చూస్తే బ్యాంకు మునుగుతుంది. రెండూ చూడాలి. ఊళ్ళోవాళ్ళ విషయంలో రెండూ చూసే మనం, కన్నబిడ్డల దగ్గరికి వచ్చేసరికి మాత్రం స్వభావం ఒక్కటే చూస్తాం.

ఇక భాష సంగతి. 2002లో మైకేల్ రాస్, ఎలెయిన్ షున్, ఆన్ విల్సన్ అనేవారు కెనడాలో చదువుకుంటున్న, చైనాలో పుట్టిన విద్యార్థులను తీసుకున్నారు. తమను గురించి తాము కొందరిని చైనీసులో, కొందరిని ఇంగ్లీషులో రాయమన్నారు. ఎవరికి ఏ భాష అన్నది చీటీలు వేసినట్టే పంచారు. చైనీసులో రాసినవారి జవాబుల్లో తమవారి ప్రస్తావన, తమ సంప్రదాయంతో ఏకీభావం ఎక్కువ కనిపించాయి. ఇంగ్లీషులో రాసినవారి జవాబులు కెనడాలో పుట్టినవారి జవాబులకు దగ్గరగా వచ్చాయి. అందరూ చైనాలో పుట్టినవారే. ఎవరూ అబద్ధమాడలేదు. భాష మారేసరికి లోపలున్న రెండు ‘నేను’లలో ఒకటి ముందుకు వచ్చి నిలబడింది.

మన భాషనే చూడండి. ఇంగ్లీషులో ‘ఐ’ అనకుండా వాక్యం కదలదు. తెలుగులో ‘వస్తాను’ అంటే చాలు, ‘నేను’ చివర అణగి ఉంటుంది. పైగా మనకు ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ‘మనం’ అంటే వినేవాడూ అందులో ఉంటాడు, ‘మేము’ అంటే బయట ఉంటాడు. తమిళంలో నామ్, నాంగళ్ అనీ, మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అనీ ఈ తేడా ఉంది. ఇంగ్లీషులో రెండింటికీ ‘వియ్’ ఒక్కటే. వ్యాకరణమే మనసును నడుపుతుందని నేననను. కాని ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, ఆఫీసులో మరొకటి మాట్లాడే పిల్లవాడు మూడు రకాల మర్యాదల్లో పెరుగుతున్నాడన్నది మాత్రం మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన విషయమే.

నా మిత్రుడికి ఇదంతా చెప్పాను. “మీవాడు నీతో ఆఫీసు భాషలో మాట్లాడాడు, అవ్వతో ఇంటి భాషలో మాట్లాడాడు. చదువుకోవాలనుకోవడం నిజం, మిమ్మల్ని కాదని పోలేకపోవడమూ నిజం. ఒకసారి నువ్వే తెలుగులో అడిగి చూడు” అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. “అయితే నాతో తెలుగులో ఎందుకు చెప్పలేదు?” అన్నాడు చివరకు. ఆ ప్రశ్నకు జవాబు శాస్త్రంలో లేదు, వాళ్ళిద్దరి దగ్గరే ఉంది. ఉగాదికి అబ్బాయి వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. పెళ్ళి సంగతి ఇంకా తేలలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ శాస్త్రంలో చాలా భాగం కాలేజీ విద్యార్థులమీద కట్టిన మేడ. పిల్లలు చేతికి అందుబాటులో ఉంటారు కాబట్టి అధ్యాపకులు వారినే పరీక్షిస్తారు. 2010లో జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, ఆరా నోరెన్జయాన్ ఈ లోపాన్ని గట్టిగా ఎత్తి చూపారు. ప్రముఖ పత్రికల్లో వచ్చిన పరిశోధనల్లో పాల్గొన్నవారిలో నూటికి 96 మంది పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారేనట. ఆ దేశాల జనాభా ప్రపంచంలో నూటికి 12 మాత్రమే. అదీగాక, అమెరికన్లకూ జపాను, కొరియా వారికీ మధ్య ఉన్న తేడా అందరూ అనుకున్నంత లేదని 2002లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన డాఫ్నా ఓయ్సర్‌మన్ బృందం తేల్చింది. కాబట్టి ‘మనం ఇలాంటివాళ్ళం, వాళ్ళు అలాంటివాళ్ళు’ అని ముద్రలు వేసుకోవడానికి ఈ పరిశోధనలను వాడకూడదు. తొందరపడి తీర్పు చెప్పకుండా ఉండడానికి వాడుకోవాలి.

ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఈ ఇరవై గీతల కాగితం ఒకసారి పెట్టి చూడండి. ఒకరోజు తెలుగులో, నాలుగు రోజులు పోయాక పిల్లలు బడిలో చదివే భాషలో. తెలుగు రాయడం రాని పిల్లలు నోటితో చెబితే పెద్దలు రాయవచ్చు. మార్కులు వెయ్యకండి, తప్పులు దిద్దకండి. పిల్లల కాగితం అడిగే ముందు మీ కాగితం వాళ్ళకు చూపించండి. వాటిని సంఘానికి పంపనక్కరలేదు, ఇంట్లో ఒకరివి ఒకరు చదువుకుంటే చాలు.

వచ్చే సంచికలో మళ్ళీ కలుసుకుందాం.