రైటర్ పని రాయడమొక్కటేనా?

మా కలిగిరిలో ఎవరితోనైనా "రైటర్" అంటే డాక్యుమెంట్ రైటరే అనుకుంటారు. అదేనండీ, రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర కూర్చుని అమ్మకం దస్తావేజులు రాసే ఆయన. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో కూడా రైటర్లుంటారని చెప్తే "మీకేం రిజిస్ట్రేషన్లుంటాయబ్బా?" అంటారు. నవ్వొస్తుంది గానీ, ఆయన పనిచేసే పద్ధతి చూసి మన మేనేజర్లు నేర్చుకోవాల్సింది ఉంది.

పొలం అమ్మేవాడు ఎవడూ ఆయన దగ్గరికి పోయి "ఏదో ఒకటి రాసెయ్యి, తర్వాత చూద్దాం" అనడు. సర్వే నంబరెంత, విస్తీర్ణమెంత, తూర్పున ఎవరి చేను, పడమర కాలవా బాటా, పాత లింకు డాక్యుమెంటేదీ... ఇవన్నీ చెప్పందే కలం కదలదు. ఆస్తిని గుర్తుపట్టేంత వివరం లేని దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు తీసుకోకూడదని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షనే చెప్తోంది.

మరి మన టెక్నికల్ రైటర్ల సంగతి? రిలీజుకి రెండ్రోజుల ముందు నాలుగు స్క్రీన్‌షాట్లు, ఒక పాత స్పెక్ పంపి "యూజర్ గైడ్ కావాలి" అంటాం. ఏదైనా అడిగితే డెవలపర్‌కి మీటింగు! నేను పనిచేసిన ఒక కంపెనీలో రైటర్లకి టెస్ట్ సర్వర్ లాగిన్ కూడా ఇవ్వలేదు. ఇన్‌స్టలేషన్ గైడ్‌లో పోర్టు నంబరు తప్పుందని కస్టమర్ గొడవ చేస్తే తిట్లన్నీ రైటరమ్మాయికే. ఆ నంబరు మార్చామని ఆమెకి ఒక్కరూ చెప్పలేదు.

"మాది అజైల్ అండీ, డాక్యుమెంట్లు అక్కర్లేదు" అనేవాళ్ళు కొందరు. 2001 నాటి అజైల్ మేనిఫెస్టో బండెడు డాక్యుమెంట్లకన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే పెద్దపీట వేసిన మాట నిజమే. కానీ వాటికీ విలువుందని ఆ కిందనే రాశారు. అంతవరకూ చదివే ఓపిక మనకేదీ?

ఇప్పుడు కొత్త పాట: ఏఐ రాస్తుంది కదా, రైటర్లెందుకని. అమెరికాలో దశాబ్దాల చరిత్ర ఉన్న సొసైటీ ఫర్ టెక్నికల్ కమ్యూనికేషన్ ఆర్థిక ఇబ్బందులతో 2025 జనవరిలో మూతపడింది కూడా. ఖర్చు తగ్గించమంటే చాలామంది మేనేజర్ల చూపు ముందు రైటర్ల మీదకే పోతోంది. ఏఐ వాక్యాలు శుభ్రంగానే రాస్తుంది, కాదనను. కానీ తూర్పు సరిహద్దు ఎవరూ చెప్పకపోతే తనే ఒకటి కల్పించి, అంతే శుభ్రంగా రాసేస్తుంది. "ఇది ఫెయిలైతే యూజర్ ఏం చెయ్యాలి?" అని డెవలపర్ వెంటపడి అడిగే మనిషి లేకపోతే ఆ తప్పు కస్టమర్ దగ్గరే బయటపడుతుంది.

కాబట్టి మేనేజర్లకి నేను చెప్పేది ఇంతే. డిజైన్ రివ్యూకి రైటర్ని పిలవండి. టెస్ట్ సర్వర్ యాక్సెస్ మొదటిరోజే ఇవ్వండి. డాక్యుమెంట్ సరిచూడడం డెవలపర్ పనిలో భాగమని స్ప్రింట్లో గంటలతో సహా రాయండి; అది కాందే ఫీచర్ అయినట్టు కాదు. అప్రైజల్లో పేజీలు లెక్కపెట్టకండి, ఆ గైడ్ వచ్చాక సపోర్టుకొచ్చే ఫోన్లు తగ్గాయా లేదా చూడండి.

వీటిలో ఒక్కదానికీ అదనపు బడ్జెట్ అక్కర్లేదు. మీ టీముల్లో రైటర్ అడిగిన ప్రశ్నకి జవాబు ఎన్నాళ్ళకొస్తోంది?