ఘంటసాలకు సరైన సంకలనం కావాలి



ఘంటసాల పాటలన్నీ ఫోన్‌లో ఊరికే దొరుకుతుంటే డబ్బు పెట్టి ‘హిట్స్’ సంకలనాలు కొనడమెందుకని ఈమధ్య చాలామంది నోట వింటున్నాను. దొరకడం వేరు, ఏరి ఇవ్వడం వేరు. ఏరే పని శ్రద్ధగా చేసిన సంకలనం ఈ రోజుకీ ఇంట్లో ఉండాల్సిన వస్తువే. నేను కొన్నవాటిలో మాత్రం అలాంటిది ఒక్కటీ లేదు.

నా దగ్గరున్న ఒక క్యాసెట్ సంగతే చెబుతాను. అట్ట మీద ఘంటసాల ఫొటో. లోపలి మడతలో పాటల మొదటి మాటలు, సినిమా పేర్లు, గాయకుల పేర్లు. అంతటితో సరి. పాటలు రాసిన పింగళి, సముద్రాల పేర్లు లేవు, బాణీలు కట్టిన పెండ్యాల పేరు లేదు. సంవత్సరాలు అసలే లేవు. పాతాళభైరవి (1951) పాట అయిపోగానే ప్రేమ్‌నగర్ (1971) పాట మొదలవుతుంది. ఆ రెంటి నడుమ గొంతులో ఇరవయ్యేళ్లు గడిచిపోయాయని వినేవాడికి చెప్పే నాథుడే లేడు. ఎంపీత్రీ డిస్కులొచ్చాక పరిస్థితి ఇంకా దిగజారింది. ఒక్కదాంట్లో వందకు పైగా పాటలు పట్టేసరికి ఎంపిక అన్నదే అక్కర్లేకపోయింది. కొన్నిటి మీదైతే బొమ్మ ఘంటసాలది, లోపల పాడింది మరొకరు. ఇది కొనేవాణ్ని మోసం చేయడమే.

వరసపెట్టి ఇవ్వడమంటే ఎలా ఉంటుందో చూడండి. 1973లో బీటిల్స్ బృందం పాటలను రెండు సంకలనాలుగా వేశారు. 1962 నుంచి 66 దాకా ఒకటి, 1967 నుంచి 70 దాకా రెండోది. పాటలన్నీ కాలక్రమంలో ఉంటాయి. వరసగా వింటూ పోతే ఆ నలుగురు ఎక్కడ మొదలై ఎక్కడికి చేరారో మన చెవికే తెలుస్తుంది. మన ఘంటసాలకు ఆపాటి వరస పెట్టలేమా? 1945 నాటి స్వర్గసీమ సినిమా పాటతో మొదలుపెట్టి, ఆయన కన్నుమూశాక విడుదలైన భగవద్గీత రికార్డు దాకా తీసుకురావచ్చు.

అసలు ‘హిట్’ అనగానే యుగళగీతాలూ విషాదగీతాలే ఎందుకు గుర్తుకు రావాలి? నాటకాల్లో సుదీర్ఘంగా సాగే రాగాలాపనను కుదించి, పద్యంలోని ప్రతి మాటా విస్పష్టంగా వినబడేలా పాడింది ఆయనే. అయినా పద్యాలకు హిట్స్‌లో చోటుండదు. ఆయన పాడిన కరుణశ్రీ పద్యాలు ‘పుష్పవిలాపం’ సినిమావి కావు గనక అవీ బయటే. సంగీత దర్శకుడిగా ఘంటసాల పనికీ అదే గతి. పాతాళభైరవిలో వి.జె. వర్మ చేత ఆయన పాడించిన పాట ఎంత గొప్పది! పాడింది ఘంటసాల కాదు కాబట్టి ‘ఘంటసాల హిట్స్’లో అది చేరదు. మాయాబజార్ (1957)కు మొదట కొన్ని బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకున్నాక మిగతాది ఘంటసాల పూర్తి చేశారు. ఈ ముక్క ఏ అట్ట మీదా నాకు కనబడలేదు. ఇద్దరికీ దక్కాల్సిన గౌరవాన్ని ఒక్క వాక్యం రాయకపోవడం వల్ల పోగొడుతున్నాం.

అందుకే నా విన్నపం. హక్కులున్న కంపెనీ వారు పాటలకొకటి, పద్యాలకొకటి, ఆయన స్వరపరిచినవాటికొకటి చొప్పున డిస్కులు వేయాలి. అన్నీ అసలు రికార్డింగులే కావాలి, కొత్త వాయిద్యాలు తగిలించినవి వద్దు. వెంట ఒక చిన్న పుస్తకం ఉండాలి. ప్రతి పాటకూ సంవత్సరం, కవి, సంగీత దర్శకుడు, తోడు పాడినవారి పేర్లు అందులో వేయాలి. వివరాలు దొరకవన్న సాకు చెల్లదు. అప్పట్లో సినిమా హాళ్ల దగ్గర అమ్మిన పాటల పుస్తకాలు భద్రంగా దాచుకున్న అభిమానులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను పిలిచి కూర్చోబెట్టుకుంటే చాలా పేర్లు బయటికొస్తాయి. అలాంటివారి ఆచూకీ కోసం మీ పత్రికలో ఒక ప్రకటన వేస్తే పని అక్కడే మొదలవుతుంది. ధర వెయ్యి రూపాయలు పెట్టినా మొదటి ప్రతి నేనే కొంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి