మేము భాగస్వాములం కాము

జలంత్రకోట స్టేషన్‌లో రైలు దిగి పడమటికి చూస్తే కొండలు. తూర్పున జీడి తోటలు, కొబ్బరి తోటలు, వాటి వెనక సముద్రం. ఆ పడమటి కొండల్లో ఉండే మమ్మల్ని ఏడాదికి ఒకటి రెండుసార్లు సమావేశానికి పిలుస్తారు. గోడకు బ్యానరు కడతారు. "అడవి, నీటి వనరుల పరిరక్షణలో ప్రజల భాగస్వామ్యం" అని ఉంటుంది దాని మీద. టీ, బిస్కెట్లు వస్తాయి. రిజిస్టరులో సంతకాలు, వేలిముద్రలు పడతాయి. చదువుకున్నవాళ్లం కనుక మినిట్సు పుస్తకం మా చేతిలో పెడతారు. మేమూ రాశాం. సభ మొదలవకముందే తీర్మానం రాసిపెట్టిన రోజులూ ఉన్నాయి. ముందు ఆ తప్పు ఒప్పుకొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

భాగస్వామి అంటే ఎవరు? పలాసలో ఇద్దరు కలిసి జీడిపప్పు బట్టీ పెడితే ఒకరికొకరు భాగస్వాములు. వచ్చిన దాంట్లో వాటా పంచుకుంటారు. మా ఊటలో, మా గెడ్డలో, మా చింతచెట్టు కింద మేము ఎవరి వ్యాపారంలో వాటాదారులం? మా ఇంట్లోకి వచ్చి, మా మంచం మీద కూర్చుని, "మీరూ కూర్చోవచ్చు" అనడం లాంటిది ఆ మాట.

ఇది ఇప్పుడు మొదలైంది కాదు. 1992లో ఉమ్మడి అటవీ యాజమాన్యం అని వన సంరక్షణ సమితులు పెట్టారు. 2002లో ప్రపంచ బ్యాంకు అప్పుతో అదే పనికి సాముదాయక అటవీ యాజమాన్యం అని పేరు మార్చారు. కొన్ని ఊళ్లలో కూలి దొరికింది, కొన్నిచోట్ల బోడికొండ మళ్లీ పచ్చబడింది. అది కాదనం. కానీ సమితిని నమోదు చేసేది శాఖ, పని ప్రణాళిక ఖరారు చేసేది శాఖ. సమితి చేత పోడు భూముల్లోనే మొక్కలు నాటించిన ఊళ్లు ఎన్నో. అన్న నాటిన మొక్క తమ్ముడి సామ చేనును మింగింది. అటవీ శాఖతో తగువు పడాల్సిన చోట అన్నదమ్ములు తగువు పడ్డారు.

నీటి సంగతీ అంతే. 1997లో సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. మంచిదే. కానీ సభ్యత్వం ఆయకట్టులో భూమి ఉన్నవాడికి. నీరు పుట్టే కొండ మీద ఉన్నవాడికి ఆయకట్టు ఎక్కడిది? చెరువు నిండేది కొండ నీటితో, ఆ చెరువు సంఘంలో కొండ మనిషికి ఓటు లేదు.

మా పెద్దలకు సంఘాలు లేవు గానీ కట్టుబాటు ఉండేది. మామిడి టెంకల పండుగ కాకుండా ఎవరూ మామిడికాయ కోయకూడదు. కందికొత్తలు చేయకుండా కొత్త కంది నోట పెట్టకూడదు. కాయ ముదరకుండా తెంపితే చెట్టుకూ నష్టం, ఊరికీ నష్టం అని వాళ్లకు తెలుసు. ఊట దగ్గర చెట్టు మీద గొడ్డలి పడకూడదు. బుయ్య చెప్పాడని పాటించేవాళ్లం. బడికి వెళ్లాక అది మూఢనమ్మకం అనుకున్నాం. ఆ పాఠం మాకు చెప్పింది ఉపాధ్యాయులే, ఇప్పుడు పిల్లలకు చెబుతున్నదీ మేమే.

మాకు తెలిసిన ఒక గూడెంలో గెడ్డ మీద చెక్‌డ్యాం కట్టడానికి వచ్చారు. అక్కడ కట్టొద్దు, వానాకాలం గెడ్డ ఆ మలుపు దగ్గర ఒడ్డు కోస్తుంది, పైన రాతి దగ్గర కట్టండి అని ఒక ముసలాయన చెప్పాడు. ఆయన చెప్పింది సవరలో. మాలో ఒకరం తెలుగులో చెప్పాం. ఎస్టిమేటు అయిపోయింది, ఇప్పుడు మార్చలేం అన్నారు. కట్టారు. రెండో వానకు ఒక పక్క కోసుకుపోయింది. కాగితాల్లో మాత్రం ఆ కట్టడం "ప్రజల భాగస్వామ్యంతో" జరిగినట్టే ఉంది. ముసలాయన వేలిముద్ర కూడా ఉంది.

ఇక చట్టం సంగతి. 2006 అటవీ హక్కుల చట్టం అనగానే మనకు పోడు పట్టా ఒక్కటే గుర్తొస్తుంది. ఎకరాలు, సర్వే నంబరు, పాసుపుస్తకం. అదే చట్టంలో మూడో సెక్షన్ మన సాముదాయక అటవీ వనరును కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు మనకే ఇచ్చింది. ఐదో సెక్షన్ అడవినీ, నీటి పరీవాహక ప్రాంతాన్నీ కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. భాగస్వామ్యం అని కాదు, అధికారం అనే ఉంది. మన రాష్ట్రంలో ఏం చేశారు? గ్రామసభకు ఇవ్వాల్సిన సాముదాయక హక్కు పత్రాలు చాలాచోట్ల వన సంరక్షణ సమితుల పేరిట రాసి ఇచ్చారు. అంటే పట్టా పెరట్లోకి వచ్చినట్టే వచ్చి మళ్లీ శాఖ బీరువాలోకి పోయింది.

"మీది షెడ్యూల్డ్ ప్రాంతం కాదు కదా" అనేది మనకు చెప్పే రెండో మాట. మందస, మెళియాపుట్టి కొండల్లో మన సవర గూడేలు చాలావరకు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. అది పాత అన్యాయం, దాని మీద పోరాటం వేరే ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి సీతంపేట పార్వతీపురం మన్యం వైపు పోయాక మన గోడు వినేవాళ్లు ఇంకా దూరమయ్యారు. పెసా చట్టం మనకు వర్తించదు, నిజమే. అటవీ హక్కుల చట్టం మాత్రం వర్తిస్తుంది. దానికి షెడ్యూల్డ్, నాన్ షెడ్యూల్డ్ తేడా లేదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది కుర్రాళ్లు ఆఫీసు మెట్ల మీద నుంచి వెనక్కి వచ్చారో!

మైదానపు పంచాయతీలో మన గూడెం ఒక మూల. పంచాయతీ గ్రామసభ పెడితే మనం పదిమంది, వాళ్లు వందమంది. 2012లో సవరించిన నియమాలు దీనికి దారి చూపాయి. సర్వే కాని, రికార్డుకెక్కని ఆవాసాల జాబితా ప్రతి పంచాయతీ తయారు చేయాలి, ఆ గూడెం సభే దాన్ని తీర్మానించాలి. మన గూడెం పేరు ఆ జాబితాలో ఉందా? ఉపాధ్యాయ మిత్రులారా, మనలో ఎందరం అడిగాం?

అడిగితే ఏమవుతుందో చూడాలంటే నియమగిరి చూడండి. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల మాట వినమంది. ఆ ఏడాదే పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నాయి. పన్నెండుకు పన్నెండు. డోంగ్రియా కొందుల ఆ కొండల దగ్గరే వంశధార పుడుతుంది. ఆ నీరే హిరమండలం రిజర్వాయరుకు చేరుతుంది. అక్కడి నుంచి పైపుల్లో ఉద్దానం ఏడు మండలాలకు తాగునీరు ఇవ్వడానికి సుమారు 700 కోట్లతో పథకం కట్టి 2023 డిసెంబరులో ప్రారంభించారు. కిడ్నీ జబ్బుతో ఇంటికొకరు మంచం పట్టిన ఊళ్లకు ఆ నీళ్లు ప్రాణం. దాని శిలాఫలకం మీద నియమగిరి గ్రామసభల పేర్లు రాయాలని ఎవరికీ తోచలేదు. తోచదు కూడా.

ఆఫ్రికాలోనూ ఈ తగువే. టాంజానియా 2002 అటవీ చట్టం ప్రకారం తన పరిధిలోని అడవిని గ్రామమే రిజర్వుగా ప్రకటించుకోవచ్చు. కాపలా గ్రామానిది, జరిమానా గ్రామానిది, ఆదాయమూ గ్రామానిదే. పక్కనే కెన్యా. అక్కడి 2005 చట్టం సంఘం పెట్టుకుని శాఖతో ఒప్పందం రాసుకోమంది. మన వి.ఎస్.ఎస్.కి చుట్టం! ఆ కెన్యాలోనే మావు అడవి నుంచి ఒగియెక్ జాతిని అడవి పాడుచేస్తున్నారని వెళ్లగొట్టారు. 2017 మేలో ఆఫ్రికా మానవ హక్కుల న్యాయస్థానం, అడవి పాడవడానికి ఒగియెక్‌లు కారణం కాదు, ఆ నేల వాళ్లదే అని తీర్పు ఇచ్చింది. 2023 చివరిలో మళ్లీ ఇళ్లు కూలగొట్టారు. తీర్పు వచ్చాక కూడా! కాగితం గెలిచి ఇంటికొచ్చి పడుకుంటే ఏమవుతుందో వాళ్లను అడగాలి.

"మీ చేతికిస్తే అడవి మిగలదు" అంటారు. సోంపేట బీల భూములు పనికిరాని బీడు అని థర్మల్ ప్లాంటుకు రాసిచ్చింది ఎవరు? బీల నీటితో బతికే రైతులూ మత్స్యకారులూ కాదు. 2010 జూలై 14న కాల్పుల్లో ప్రాణాలు పోయాక గానీ అది నీటి నేల అని పెద్దలు ఒప్పుకోలేదు. అలాగని మనలో తప్పు లేదనము. జీడి తోట దళారికి ఏళ్ల తరబడి తాకట్టు పెట్టినవాళ్లం మనలో ఉన్నాం. ఊట పక్క చెట్టు కొట్టి అమ్మినవాడూ మనవాడే. వాడిని నిలదీయాల్సింది మన సభ. సభే లేని ఊళ్లో వాడిని ఎవరు అడుగుతారు?

సాముదాయక అటవీ వనరుకు ఫారం 'సి'. సభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. సాక్ష్యానికి పెద్దల వాంగ్మూలం రాసి పెట్టినా చెల్లుతుంది. రాయడం మన పని, అందుకే మనకు జీతం ఇస్తున్నది. మా బడి పిల్లలు వేసవిలో ముసలివాళ్లను వెంటబెట్టుకుని ఊటల పేర్లు రాస్తున్నారు. మొన్నటికి పదిహేడు అయ్యాయి. అందులో నాలుగింటికి ఇప్పుడు నీరు లేదు. పేరు మాత్రం ఉంది, రాసుకున్నాం. పద్దెనిమిదోది అవతలి గూడెం వాళ్లదీ మాదే అంటున్నారు. వచ్చే ఆదివారం రెండు గూడేలూ కూర్చుంటున్నాయి. బ్యానరు లేదు. మినిట్సు పుస్తకం మాదే.